డ్యాష్‌బోర్డు మీద పేరులేని మీటలు



విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు వెనక, వేపచెట్టు కింద, రాలిన ఆకుల్లో చక్రాలు సగం మునిగిపోయిన తెల్ల అంబాసిడర్ ఒకటి ఉండేది. ఎనిమిదేళ్ల కిందట దాన్ని నేను కొన్నాను. 1977 మోడల్, మార్క్ త్రీ. మొదట్లో అది ఏదో సర్కారు ఆఫీసు బండి. తర్వాత వేలంలో ఒక రైతు కొనుక్కున్నాడు. ఆయన పోయాక వాళ్లబ్బాయి అమ్మకానికి పెట్టాడు. అలా అది నా దగ్గరికి వచ్చేసరికి దాని సంగతులు చెప్పగల మనిషి ఎవరూ మిగల్లేదు.

తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చుని, తడిగుడ్డతో దుమ్ము తుడుస్తుంటే ఒక్కొక్కటీ బయటపడసాగాయి. డ్యాష్‌బోర్డు కింది అంచుకి, కుడిచేతి వైపు, రెండు టాగిల్ స్విచ్‌లు. ఒకదాని కొనకి ఎర్ర ప్లాస్టిక్ తొడుగు ఉంది. రెండోదానికి తొడుగు లేదు. వేలు తగిలి తగిలి దాని తెల్లటి పూత అరిగిపోయి లోపలి ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. ఇక మధ్యలో, రేకు మీద, రెండు మరలతో బిగించిన నల్లటి పలక. దాని మీద రాత లేదు, బొమ్మ లేదు. బ్యాటరీ తగిలించి రెండు స్విచ్‌లూ అటూ ఇటూ వేసి చూశాను. ఏదీ వెలగలేదు. ఏదీ మోగలేదు.

వైరింగు పనికి వచ్చిన మేస్త్రి ఒక్క చూపు చూసి, "సార్, ఇదంతా పనికిరాని సరుకు. మొత్తం పీకేసి కొత్త వైరింగు లాగేద్దాం. ఈ కంతలకి రేకు అతికించి, లప్పం పెట్టి, పెయింటు కొడితే కొత్త బండిలా ఉంటుంది" అన్నాడు. అతను పనిమంతుడే. తక్కువ రోజుల్లో బండి రోడ్డెక్కాలంటే అదే దారి కూడాను. అయినా నేను ఒప్పుకోలేదు. కనీసం ఆ స్విచ్‌లు ఏమిటో తెలిసేదాకా ఒక్క తీగ కూడా తెంపొద్దన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నందువల్ల ఏమేం తెలిశాయో ఈవేళ మీకు చెప్పాలి. తాతగారి కారుని షెడ్డులో పెట్టి తాళం వేసుకున్నవాళ్లు మనలో ఇంకా చాలామంది ఉన్నారు. ముఖ్యంగా వాళ్ల కోసం చెబుతున్నాను.

ముందు ఖాళీ పలకల సంగతి చూద్దాం. పాతకాలపు కారులో ముందు పలక, అంటే డ్యాష్‌బోర్డు, ఇనుప రేకు. పెద్ద ప్రెస్సు కింద పెట్టి అచ్చుతో ఒక్క దెబ్బలో దానికి ఆకారం తెస్తారు, కంతలూ కొడతారు. ఆ అచ్చు తయారు చేయడమే అసలు ఖర్చు. అందుకని ఒకే అచ్చుతో ఖరీదైన కారుకీ చవక కారుకీ ఒకే రేకు తీసేవారు. గడియారం, రేడియో, హీటరు, మంచులో దారి చూపే ఫాగ్ లైట్లు, వీటన్నిటికీ చోటు ముందే ఉండేది. డబ్బు కట్టినవాళ్లకి ఆ చోట్లో వస్తువు వచ్చేది. కట్టనివాళ్లకి ఆ చోటు మూసే ఖాళీ పలక వచ్చేది. 1950ల నాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి హీటరుకి కూడా విడిగా డబ్బు కట్టాలి. అంత చలిదేశంలోనూ! మన అంబాసిడర్‌కి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అని మీలో చాలామందికి తెలుసు. బెంగాల్లో ఉత్తర్‌పాడా కర్మాగారంలో 1950ల చివర మొదలై 2014 దాకా ఆ కారు తయారైంది. చలిదేశంలో పుట్టిన కారు ఎండల దేశంలో సంసారం చేసింది. అక్కడ హీటరు కావాలి, ఇక్కడ ఫ్యాను కావాలి. అక్కడివాడు వదిలిన చోటు వేరు, ఇక్కడివాడు తనకి తాను తొలిచి పెట్టుకున్న చోటు వేరు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే కారు సగం అర్థమైనట్టే.

కుడి ఎడమల గొడవ ఇంకొకటి. మనకీ ఇంగ్లాండుకీ స్టీరింగు కుడివైపు, అమెరికాకీ ఐరోపాలో చాలా దేశాలకీ ఎడమవైపు. ఒకే కారుని రెండు రకాలుగా చేయాలంటే ముందు పలక రెండు రకాలుగా ఉండాలి. 1959లో మినీ కారు వచ్చినప్పుడు దాన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ స్పీడోమీటరుని నట్టనడుమ పెట్టాడు. ఇక ఏ పక్క డ్రైవరైనా ఒకటే. ఆ కారులో సెల్ఫ్ మీట ఎక్కడుండేదో తెలుసా? ముందు సీట్ల మధ్య, కింద నేల మీద ఒక బొత్తాం. తొలినాటి మినీ ఎక్కి తాళం తిప్పి, ఇంజను కదలక, బ్యాటరీ పోయిందనుకున్నవాళ్లు ఎందరో ఉండి ఉంటారు.

నేల మీద మీటలంటే మనకి కొత్తేమీ కాదు. విల్లీస్ జీపు తోలినవాళ్లకీ, పాత అంబాసిడర్ తోలినవాళ్లకీ ఎడమకాలి కింద గుండ్రటి ఇనుప బొత్తాం గుర్తుండే ఉంటుంది. ఎదుటి బండి వస్తే కాలితో ఒక నొక్కు, హెడ్‌లైట్ల వెలుగు కిందికి దిగుతుంది. మళ్లీ నొక్కితే పైకి లేస్తుంది. చేతులు స్టీరింగు మీద, గేరు రాడ్డు మీద ఉంటాయి కాబట్టి ఆ పని కాలికి ఇచ్చారు. ఈనాటి కుర్రవాళ్లు ఆ బండి ఎక్కితే దాన్ని కాలు ఆనించుకునే పీట అనుకుంటారు. పైన కొత్త మ్యాటు పరిచి దాన్ని కప్పేసినవాళ్లని కూడా చూశాను.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న మీట ఇంగ్లాండులో రోవర్ కంపెనీ చేసిన పి ఫోర్ కారులోది. 1949 నుంచి 1964 దాకా తయారైన బండి అది. దాని ముందు పలక మీద ఒక బొత్తాం ఉంటుంది. మామూలుగా పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు, ఆ బొత్తాం నొక్కి పట్టుకుంటే ఇంజనులో ఆయిలు ఎంతుందో చూపిస్తుంది. వదిలేస్తే మళ్లీ పెట్రోలు చూపిస్తుంది. ఒకే గడి, ఒకే ముల్లు, రెండు పనులు. బానెట్ ఎత్తి, కర్ర లాగి, గుడ్డతో తుడిచి చూసుకోవాల్సిన పనిని సీట్లో కూర్చుని వేలితో చేసేలా ఆలోచించారు. సంగతి తెలియనివాళ్లు ఆ బొత్తాం నొక్కి, ముల్లు ఎగరడం చూసి, పెట్రోలు గేజి పాడైందనుకుని విప్పేస్తారు. బాగున్న వస్తువు అక్కడితో పాడవుతుంది.

1968లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌జె సిక్స్‌కి పెట్రోలు ట్యాంకులు రెండు, వెనక మడ్‌గార్డుల్లో ఆ పక్కొకటి ఈ పక్కొకటి. మూతలూ రెండే. ఏ ట్యాంకు పెట్రోలు వాడాలో చెప్పే బొత్తాం డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది. గేజి కూడా ఆ ట్యాంకుదే చూపిస్తుంది. సంగతి తెలియకపోతే ఒక ట్యాంకు నిండుగా ఉండగానే బండి రోడ్డు మధ్య ఆగిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో 1961 దాకా అసలు పెట్రోలు గేజీయే లేదు. కాళ్ల దగ్గర చిన్న మీట ఉండేది. బండి తడబడటం మొదలెడితే బూటు కొనతో దాన్ని తిప్పితే అడుగున మిగిల్చిన పెట్రోలు అందేది. బజాజ్ చేతక్ తోలినవాళ్లకి ఈ రిజర్వు సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మనకి అర్థంకాని మీట పనికిరాని మీట కాదు. ఏదో ఒక ఇబ్బంది ఒకరికి నిజంగా ఎదురైతేనే ఇంకొకరు కూర్చుని దాన్ని అక్కడ పెట్టారు. ఆ ఇబ్బంది ఏమిటో కనుక్కుంటే మీట పేరు దానంతటదే తెలుస్తుంది.

పేరు రాసి ఉంటే తేలికే. పాత బ్రిటిష్ కార్లలో నాబ్ మీద ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం చెక్కి ఉండేది. సి అంటే చోక్, ఎస్ అంటే స్టార్టర్, డబ్ల్యూ అంటే వైపర్. చోక్ నాబ్ ఊడిపోతే దొరికిన నాబ్ ఏదో ఒకటి తగిలించడం మన షెడ్లలో మామూలు. కాబట్టి అక్షరాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. పైగా 1968 నుంచి అమెరికాలో కార్ల భద్రతకి కొత్త నియమాలు వచ్చాయి. ముందుకి పొడుచుకొచ్చిన టాగిల్ స్విచ్ గుద్దుకున్నప్పుడు తలకీ మోకాలికీ గుచ్చుకుంటుందని, జాగ్వార్ ఇ టైప్ లాంటి కార్లలో వాటిని తీసేసి చదునుగా నొక్కే రాకర్ స్విచ్‌లు పెట్టారు. ఒకే పేరుగల కారులో రెండేళ్ల తేడాతో స్విచ్‌ల రూపం మారిపోవడానికి ఇలాంటి కారణాలున్నాయి. రాకర్ స్విచ్‌లున్నాయి కాబట్టి ఎవరో మార్చేశారనుకోవడం తొందరపాటే అవుతుంది.

సరే, పేరు లేదు. అప్పుడేం చేయాలి? ముందు వైపు చూడటం మానేసి వెనక వైపు చూడాలి.

మొదటి పని, బ్యాటరీ తీగ ఊడదీయడం. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే పాత కార్లలో ఫ్యూజులు చాలా తక్కువ. మోరిస్ మైనర్‌కి మొత్తం రెండే రెండు ఫ్యూజులు. హెడ్‌లైట్లకి ఫ్యూజే లేదు. డ్యాష్‌బోర్డు వెనక స్క్రూడ్రైవరు జారి తప్పుచోట తగిలితే, కళ్లముందే తీగ ఎర్రబడి పొగ వస్తుంది. కారు కాలిపోవడానికి అది చాలు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. 1960ల దాకా వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి బళ్లకి మైనస్ కలుపుతారు. ఈ తేడా చూసుకోకుండా కొత్త రేడియో తగిలిస్తే అది కాలిపోతుంది.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకం తీసుకుని, స్విచ్ వెనక ఏ మొనకి ఏ రంగు తీగ ఉందో బొమ్మ గీసుకోవాలి. ఈ రోజుల్లో సెల్‌ఫోనుతో ఫొటో తీస్తారు. తీయండి, కాని బొమ్మ కూడా గీయండి. గీసేటప్పుడు కంటికి ఆనే విషయం ఫొటోలో ఆనదు. ఇంగ్లాండులో తయారైన లూకాస్ స్విచ్ అయితే దాని ఒంటి మీద అయిదంకెల నంబరు, పక్కన నెలా సంవత్సరమూ చిన్నగా కొట్టి ఉంటాయి. 8, 62 అని ఉంటే 1962 ఆగస్టులో తయారైందని అర్థం. కారు వయసుకీ స్విచ్ వయసుకీ పొంతన కుదరకపోతే అది తర్వాత పెట్టినదే. ఆ లూకాస్ వాళ్లూ మన టీవీఎస్ వాళ్లూ కలిసి 1961లో మద్రాసులో కంపెనీ పెట్టాక మన దేశపు కార్ల కరెంటు వస్తువులు చాలామటుకు అక్కడినుంచే వచ్చాయి.

తీగల రంగులు అసలైన అక్షరమాల. బ్రిటిష్ పద్ధతిలో గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. తాళంతో పనిలేదు, దారిలో ఫ్యూజూ లేదు, అన్నిటికంటే దానికే ఎక్కువ భయపడాలి. తెల్ల తీగలోకి తాళం తిప్పాకే కరెంటు వస్తుంది. అదే కరెంటు ఫ్యూజు దాటి వైపరుకీ, గేజీలకీ, ఇండికేటర్లకీ వెళ్లేటప్పుడు ఆకుపచ్చ. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటరు, తెల్ల గీత ఉంటే కుడిది. ఎరుపు సైడ్ లైట్లకీ వెనక లైట్లకీ. నీలం హెడ్‌లైట్లకి. ఊదారంగు ఫ్యూజు గుండా వచ్చినా తాళంతో సంబంధం లేకుండా ఎప్పుడూ బతికే ఉంటుంది, హారన్‌కీ లోపలి లైటుకీ అదే. నలుపు ఎర్తు. ఎండకీ వేడికీ రంగు వెలిసిపోయిందని దిగులుపడకండి. టేపు చుట్టినచోట మెల్లగా విప్పి చూడండి, లోపల తీగ మొదటిరోజు రంగులోనే ఉంటుంది. జర్మనీ కార్లలో అయితే రంగుల కంటే మొన పక్కనున్న అంకెలు నమ్మకం. 15 అంటే తాళం తిప్పాక వచ్చే కరెంటు, 30 అంటే నేరుగా బ్యాటరీ, 31 అంటే ఎర్తు. బీటిల్ అయినా బెంజ్ అయినా ఇదే లెక్క.

మన దేశంలో తిరిగిన కారుకి ఇంకో చిక్కుంది. నలభై ఏళ్లలో పదిమంది ఎలక్ట్రీషియన్లు చెయ్యి పెట్టి ఉంటారు. చేతికి అందిన తీగే వాళ్లకి రంగు. అందుకని నేను ఒక 12 వోల్టుల బల్బుకి రెండు తీగలు అతికించి, ఒకదానికి క్లిప్పు పెట్టుకున్నాను. మన షెడ్లలో ప్రతి ఎలక్ట్రీషియన్ జేబులోనూ ఉండే టెస్టు ల్యాంపే అది. క్లిప్పు బాడీకి తగిలించి, రెండో కొన స్విచ్ మొనకి ఆనిస్తే, తాళం లేకుండా వెలుగుతుందా, తిప్పాక వెలుగుతుందా, అసలు వెలగదా అన్నది తెలుస్తుంది. ఈ ఒక్క పరీక్షతో సగం చీకటి పోతుంది. ఇది చేసేటప్పుడు మాత్రం బ్యాటరీ తగిలించక తప్పదు కాబట్టి ఉంగరం, చేతిగడియారం తీసి జేబులో పెట్టుకోండి.

ఇప్పుడు నా కారు దగ్గరికి వస్తాను.

మధ్యలో ఉన్న నల్ల పలక విప్పాను. వెనక దీర్ఘచతురస్రంగా ఒక కంత, దానికి అటొకటి ఇటొకటి గుండ్రటి రంధ్రాలు. చూడగానే తెలిసిపోయింది. ఆనాటి కారు రేడియోకి ఎడమ పక్క గుబ్బ గొంతు పెంచడానికి, కుడి పక్క గుబ్బ స్టేషను తిప్పడానికి. మధ్యలో అంకెల పట్టీ. అయితే నా ప్రశ్న అది కాదు. ఈ కారులో రేడియో ఎప్పుడైనా ఉండేదా, లేక మొదటినుంచీ పలకేనా?

రంధ్రాల అంచు చూశాను. ఫ్యాక్టరీలో కొట్టిన కంత అయితే రంగు వేయడానికి ముందే కొడతారు కాబట్టి అంచు లోపలికి కూడా రంగు పాకి ఉంటుంది. తర్వాత డ్రిల్లుతో తొలిచిన కంతకి అంచున ఇనుము బయటపడి, గరుకుగా, తుప్పుపట్టి ఉంటుంది. నా కారు రేకులో రంగు లోపలికి పాకి ఉంది. అంటే కంతలు ఫ్యాక్టరీవే. ఆ గుండ్రటి రంధ్రాల చుట్టూ మాత్రం సన్నని వలయంలా రంగు నలిగి ఉంది. ఏదో నట్టు బిగించిన జాడ అది. బానెట్ ఎత్తి ఇగ్నిషన్ కాయిల్ దగ్గర చూశాను. బొటనవేలంత కండెన్సరు ఒకటి బ్రాకెట్‌కి బిగించి ఉంది. ఇంజను నడవడానికి దాని అవసరం లేదు. ప్లగ్గుల్లో నిప్పురవ్వ ఎగిరిన ప్రతిసారీ రేడియోలో చిటపటమని వినిపిస్తుంది. ఆ చప్పుడు తగ్గించడానికే దాన్ని పెడతారు. చివరికి ఎడమ మడ్‌గార్డు మీద, పెయింటు పొరల కింద, ఏరియల్ కోసం తొలిచిన కంతని మూసిన రబ్బరు బిళ్ళ కూడా దొరికింది.

ఈ కారు రేడియో విన్న కారు. ఇంట్లో రేడియో పెట్టుకుంటే పోస్టాఫీసుకి వెళ్లి లైసెన్సు కట్టాల్సిన రోజుల్లో, ఆ లైసెన్సు 1980లలో రద్దు కాకముందు, ఎవరో ఈ సీట్లో కూర్చుని పోతూ వార్తలు విన్నారు. ఇదే విజయవాడ రేడియో కేంద్రం నుంచి వచ్చిన గొంతులు ఈ రేకులోంచి పలికి ఉంటాయి. నేను ఈ మైకు ముందు కూర్చోడానికి ఒప్పుకున్నది ఆ కంతల వల్లనే.

ఆ చోట్లో కొత్త టచ్ స్క్రీను పెట్టించుకోమని చాలామంది చెప్పారు. పెట్టాలంటే రేకు కోయాలి. కోసిన రేకు మళ్లీ అతకదు. నేను పలకని శుభ్రం చేసి, ఆ రెండు మరలతోనే మళ్లీ బిగించాను. ఆ కంతలకి సరిపోయే పాత రేడియో దొరికినరోజు దాన్ని విప్పుతాను. ఈ విషయంలో నా మాట కచ్చితం: ఖాళీ పలక ఖాళీగా ఉండటం తప్పు కాదు.

ఇక ఎర్ర తొడుగున్న స్విచ్. దాని వెనక నుంచి ఒక లావాటి తీగ డ్యాష్‌బోర్డు చివరికి పోయి, కుడివైపు స్తంభంలో దూరి, పైకి ఎక్కింది. కప్పుకి కట్టిన గుడ్డ ఒక మూల కొద్దిగా ఊడదీసి చూస్తే తీగ నట్టనడుమ దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. కొనకి టేపు చుట్టి ఉంది. బయటికి వచ్చి, చిన్న అయస్కాంతం తీసుకుని కప్పు మీద మెల్లగా జరుపుకుంటూ పోయాను. అంతా అంటుకుంటోంది. సరిగ్గా ఆ తీగ ఆగినచోట, రూపాయి బిళ్ళంత మేర మాత్రం అంటుకోలేదు. అక్కడ ఇనుము లేదు, లప్పం ఉంది.

మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎర్రబుగ్గ. సర్కారు ఆఫీసరు కూర్చున్న తెల్ల అంబాసిడర్ మీద తిరిగిన ఎర్రబుగ్గ తాలూకు స్విచ్ అది. 2017 మే 1 నుంచి దేశమంతటా ఎర్రబుగ్గలు తీసేశారు. ఈ కారుకి అంతకు చాలా ముందే, వేలం నాడే తీసేసి ఉంటారు. స్విచ్ మాత్రం మిగిలింది. దాన్ని నేను అక్కడే ఉంచాను. వెనక తీగ మాత్రం రెండువైపులా ఊడదీసి, కొనలకి గట్టిగా టేపు చుట్టి, "బుగ్గ" అని రాసిన చీటీ కట్టాను. తర్వాత ఈ కారు కొనేవాడు నాలా వెతుక్కోకూడదు.

మూడో స్విచ్ ఒకటుందని నాకు అప్పటికి తెలియదు. బండి బాగయి, రెండు నెలలు చక్కగా తిరిగింది. ఒక ఆదివారం లోపల శుభ్రం చేయించాను. సోమవారం స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. హ్యాండిల్ పెట్టి తిప్పాం. ఒక మెకానిక్ వచ్చి పాయింట్లు మార్చాడు, డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సరు మార్చాడు, మర్నాడు కాయిల్ కూడా మార్చాడు. రెండు రోజులు, నాలుగు వేల రూపాయలు. ఫలితం లేదు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే తీగ తెల్లది, నల్ల గీతతో ఉండాలి. అది ఉంది. దాంతోపాటు ఆ మొనకే ఇంకో సన్నని పసుపు తీగ బిగించి ఉంది. దాని వెంట వేలు పెట్టుకుంటూ పోతే లోపలికి వచ్చి, మ్యాటు కింద నుంచి ముందు సీటు అడుక్కి చేరింది. అక్కడ, చెయ్యి పెడితే తప్ప కనపడని చోట, చిన్న స్విచ్. వేస్తే ఆ పసుపు తీగ బాడీకి తగిలి, కాయిల్‌లో కరెంటు తెగడం ఆగిపోతుంది. నిప్పురవ్వ పుట్టదు. తాళం ఉన్నా దొంగ బండి తీసుకుపోలేడు. ఆ రైతు పెట్టించుకున్న కాపలా అది. శుభ్రం చేసిన కుర్రాడి చీపురు తగిలి స్విచ్ పడింది. ఎత్తాను. ఒక్క సెల్ఫుకి బండి అందుకుంది.

పాత కారు కొనేవాళ్లు అమ్మేవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: దొంగ స్విచ్ ఎక్కడుంది? ఆర్సీ బుక్కు కంటే ముందు ఈ మాట అడగండి.

ఇక మిగిలింది పూత అరిగిన రెండో స్విచ్. టెస్టు ల్యాంపు పెడితే తాళం లేకుండానే వెలిగింది. అంటే ఇంజను ఆపి ఉన్నప్పుడు కూడా వాడే వస్తువు. తీగ మ్యాటు కింద నుంచి వెనక సీటు దాటి, వెనక అద్దం కింద చెక్క పలక దాకా పోయి, అక్కడ తెగిపోయి ఉంది. వెనక కూర్చునేవాళ్లకి ఫ్యాను అనుకున్నాను. మేస్త్రి కూడా అదే అన్నాడు. అయితే ఒక్క సంగతి నాకు మింగుడుపడలేదు. ఫ్యాను అయితే ఎక్కగానే వేస్తారు, దిగేటప్పుడు ఆపుతారు. రోజుకి నాలుగుసార్లు వేస్తే ఇత్తడి బయటపడేంతగా స్విచ్ అరుగుతుందా?

మా వీధి చివర టీ కొట్టు దగ్గర రోజూ కూర్చునే ఒక పెద్దాయన ఉన్నారు. సర్కారులో ముప్ఫై ఏళ్లకి పైగా అంబాసిడర్లు తోలి రిటైరయ్యారు. ఒక సాయంత్రం ఆయన్ని తీసుకొచ్చి, "బాబాయ్, ఒక్కసారి కూర్చోండి" అని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. నేనింకా ఏమీ అడగలేదు. ఆయన ఎడమకాలు నేల మీద డిప్ బొత్తాం వెతుక్కుంది. ఎడమచెయ్యి స్టీరింగు కింద గేరు రాడ్డు మీద పడింది. కుడిచెయ్యి, కిందికి చూడకుండానే, సరిగ్గా ఆ అరిగిన స్విచ్ మీదికి వెళ్లింది.

"ఫైలు లైటు కదా బాబూ ఇది" అన్నారు.

అప్పుడు చెప్పారు. క్యాంపుల నుంచి రాత్రిపూట తిరిగివచ్చేటప్పుడు ఆఫీసరు వెనక సీట్లో ఫైళ్లు చూసుకునేవారట. దానికి వెనక పలక మీద మెడ వంగే చిన్న దీపం పెట్టించేవారు. రైల్వే గేటు పడి ఇంజను ఆపినా ఫైలు ఆగకూడదు, అందుకని తాళంతో పనిలేకుండా తీగ ఇచ్చేవారు. ఆ వెలుగు లోపలి అద్దంలోంచి డ్రైవరు కళ్లలో కొట్టేది. ఎదురుగా లారీ వస్తే ముందు దాని లైట్లు, వెనక ఈ దీపం, మధ్యలో దారి కనపడేది కాదు. "లారీ దాటేదాకా ఆర్పేవాణ్ణి, దాటగానే వేసేవాణ్ణి. హైదరాబాదు నుంచి వస్తుంటే రాత్రంతా ఇదే పని. అయ్యగారు తల ఎత్తకుండా ఆగేవారు, వెలగగానే మళ్లీ చదువుకునేవారు" అన్నారు.

లారీకొకసారి. అందుకే పూత అరిగింది.

ఆయన తోలింది ఈ కారు కాదు, ఇలాంటి ఇంకొకటి. అయినా ఆ చెయ్యి దాని చోటు మరిచిపోలేదు. తర్వాత ఆటోనగర్‌లో పాత సామాను కొట్ల వెంట తిరిగి అలాంటి దీపం ఒకటి సంపాదించి, ఈసారి మధ్యలో ఫ్యూజు పెట్టి, పాత స్విచ్‌కే కలిపాను. వెలుగుతోంది.

శ్రోతలారా, ఆ బళ్లు తోలిన డ్రైవర్లు, వాటికి తీగలు లాగిన మేస్త్రులు మీ ఊళ్లోనూ ఉన్నారు. చాలామందికి ఎనభై దగ్గరపడింది. మీ షెడ్డులో పాత కారు ఉంటే, ఎలక్ట్రీషియన్‌ని పిలిచే ముందు వాళ్లలో ఒకరిని పిలవండి. సీట్లో కూర్చోబెట్టి, ఏమీ అడగకుండా, చెయ్యి ఎటు వెళ్తుందో చూడండి. ఈ ఆదివారమే పిలవండి.